రుద్రమ ఎవరి సొత్తు?

గుణశేఖర్ 2015లో ‘రుద్రమదేవి’ చిత్రం తీస్తే, జనం ఎక్కువగా చెప్పుకొన్నది రాణిని గురించి కాదు, గోన గన్నారెడ్డిని గురించి! అమెరికాలో ‘వండర్ వుమన్’ను 1974లో టెలివిజన్‌కెక్కిస్తూ బొమ్మల కథలోని శక్తులూ, దుస్తులూ తీసివేశారు; అంతగా ఆదరణ రాలేదు. 1975లో వాటిని తిరిగి తేవలసివచ్చింది. అభిమాని పట్టుదలను చూసి నవ్వే విద్యావంతులున్నారు. నేను నవ్వను.

చందుపట్లలో 1289 నాటి శాసనముంది. రుద్రమ మరణానంతరం ఆమె పుణ్యంకోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు భూదానం చేశాడు. అతడూ అభిమానే. కాని అది ఏలికపట్ల భృత్యుని భక్తి. ప్రశ్నించే హక్కు అందులో లేదు. టిక్కెట్టు కొన్న మనకు ఆ హక్కుంది. మరి ఏమడిగాం? రాణి కథకు మగవీరుని దన్ను ఎందుకు కావలసివచ్చిందని ఎల్దుర్తిలో ఒక బడిపిల్ల అడిగితే, జవాబు చెప్పవలసింది దర్శకుడొక్కడేనా? ఈల వేసిన మనమో?