మూడోనాటి రుచి

ఆవకాయ కలిపిన మూడో రోజు పొద్దున్నే మా అమ్మ స్నానం చేసి, జాడీకి కట్టిన వాసెన విప్పి, చెక్క గరిటెతో అడుగు నుంచి పైకి తిరగకలుపుతుంది. తర్వాత ఊట ఒక్క చుక్క నాలిక మీద రాసుకుని కాసేపు మాట్లాడదు. మూడోనాటి ఆవకాయ నిజానికి తినడానికి బాగుండదు. ఆవఘాటు, ఉప్పు, కారం, మామిడి పులుపు దేనికది విడివిడిగా నాలికను కొడతాయి. అమ్మ రుచి చూస్తున్నది ఆ రోజు ఆవకాయను కాదు, కార్తీకమాసంలో మేం తినబోయే ఆవకాయను. "ఉప్పు పైకే ఉంది. ఉండనీ, ముక్క లాగేస్తది" అంటుంది. లేదంటే ఇంకాస్త నూనె పోస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ తీర్పు తప్పడం చూడలేదు.

ఈ దృశ్యం నాకు 2022 ఏప్రిల్‌లో బోర్డోలో గుర్తొచ్చింది. పరిశోధన పని మీద మూడు నెలలు ఫ్రాన్స్‌లో ఉన్నాను. అక్కడి స్నేహితురాలు ఒక వారాంతం నన్ను తనకు తెలిసిన చిన్న ద్రాక్షతోటకు తీసుకెళ్ళింది. అంతకుముందు శరదృతువులో కోసిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ ఓక్ పీపాల్లో ఉంది. ఒక్కో పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. అది సీసాల్లోకి వెళ్ళి మన చేతికి రావడానికి ఇంకా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. అయినా ప్రతి వసంతంలోనూ విమర్శకులూ వర్తకులూ వచ్చి ఆ పచ్చి వైన్ రుచి చూస్తారు. మార్కులు వేస్తారు. ఆ మార్కులను బట్టి తోటల వాళ్ళు ధర చెబుతారు. కొనేవాళ్ళు డబ్బు ముందే కట్టేస్తారు. ఈ పద్ధతిని అక్కడ 'ఆన్ ప్రిమర్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ముందస్తు కొనుగోలు.

నా చేతికీ ఒక గ్లాసు ఇచ్చారు. 2021 పంట అది. ఆ ఏడు ఏప్రిల్‌లో మంచు కురిసి చిగుళ్ళు మాడిపోయాయట, వేసవి కూడా చల్లగానే గడిచిందట. నోట్లో పోసుకోగానే ముదురు ఊదా రంగు ద్రవం చిగుళ్ళను పట్టి బిగించింది. ఆ రుచికి పేరు వెతుక్కోవలసిన అవసరం నాకు రాలేదు. వగరు! షడ్రుచుల్లో ఒకటి. మూడు వారాల కిందటే వెళ్ళిన ఉగాదికి పరాయి దేశంలో నేను తినకుండా వదిలేసిన పచ్చడిలో మామిడిపిందె వగరు. దాని వెనక పులుపు, ఆ వెనక కోసిన చెక్క వాసన. ఏదీ ఇంకా దేనితోనూ కలవలేదు. మింగొద్దు, ఉమ్మేయమని ఒక పాత్ర చూపించారు. నోట్లో పెట్టుకున్నది ఉమ్మితే దెబ్బలు తిన్న ఇంట్లో పెరిగినదాన్ని, అది చాతకాక మింగేశాను. అప్పుడు గుర్తొచ్చింది అమ్మ మూడోనాటి చుక్క.

తిరిగొచ్చేముందు స్నేహితురాలి వాటాతో కలిపి నా వంతుగా రెండు సీసాలకు డబ్బు కట్టాను. నలభై యూరోల పైచిలుకు. ఇంకా తయారుకాని వస్తువుకు జీవితంలో నేను డబ్బు కట్టడం అదే మొదలు. ఆ రోజు నుంచీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంకా పండని దానికి వెల కట్టే హక్కు ఎవరిది?

రుచి గురించి సాహిత్య విద్యార్థులందరూ చదివే వ్యాసం ఒకటుంది, డేవిడ్ హ్యూమ్ 1757లో అచ్చువేసిన రుచి ప్రమాణాల వ్యాసం. అందులో డాన్ క్విక్సోట్ నవలలోని కథ ఒకటి తీసుకుంటాడు. సాంకో పాంజా బంధువులిద్దరు ఒక పీపాలో వైన్ రుచి చూస్తారు. బాగుంది గానీ కాస్త తోలు వాసన వేస్తోందంటాడొకడు. కాస్త ఇనుము రుచి వస్తోందంటాడు ఇంకొకడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ చేశాక అడుగున తోలుతాడు కట్టిన పాత తాళంచెవి దొరుకుతుంది. సూక్ష్మమైన నాలికే ప్రమాణం అని హ్యూమ్ వాదన. ఆ 1757లోనే ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నాన్ని ఇంగ్లీషువాళ్ళ నుంచి పట్టుకున్నాడు. చరిత్ర పుస్తకాల్లో ఆ యుద్ధం ఉంటుంది. ఆ ఏడు విశాఖలో ఎవరెవరి నాలికలు ఏమేం పసిగట్టాయో ఉండదు. హ్యూమ్ కథలోనూ నాలికలున్నది మగవాళ్ళకే. ఇనుప ఖనిజం ఎక్కించే రేవు పక్కన, దుమ్ము నోట్లో పడుతుండగా పెరిగిన ఆడపిల్లకు ఇనుము రుచి పట్టడం కష్టమేం కాదు. అయితే ఆమె చెబితే పీపా ఖాళీ చేసి చూసేదెవరు?

రుచి చూడడం తెలియడం వేరు, ఆ తెలివికి చెల్లుబాటు ఉండడం వేరు. రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ లాయరు 1982 పంటను పీపాల దగ్గరే రుచి చూసి గొప్పదన్నాడు. ఆ మాట నిలబడింది. నూటికి ఆయన వేసే మార్కులతో ఏళ్ళ తరబడి బోర్డో ధరలు లేచాయి, పడ్డాయి. అమ్మ చేసేదీ అదే పని. ఆరు నెలల తర్వాతి రుచిని ఇవాళే నాలిక మీద ఊహించడం. ఒకరిదాన్ని నైపుణ్యమన్నారు, ఒకరిదాన్ని వంటింటి అలవాటన్నారు. పైగా ఆ నాలిక గల మనిషిని నెలకు మూడు రోజులు జాడీ దగ్గరికే రానివ్వలేదు. ముట్టుకుంటే బూజు పడుతుందని. ఇది మన ఒక్కరి మౌఢ్యం కాదు. రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే బహిష్టు స్త్రీ వల్ల కొత్త వైన్ పులిసిపోతుందని రాశాడు. ఫ్రాన్స్‌లోనూ ఒకప్పుడు ఆడవాళ్ళను వైన్ గదుల్లోకి రానివ్వని పల్లెలుండేవి. ఊరుతున్న దాన్ని చూస్తే రెండు చోట్లా ఒకే భయం!

మరి ముందే కొనడం మాటేమిటి? దానికోసం బోర్డో దాకా వెళ్ళక్కర్లేదు. శృంగవరపుకోట వైపు మా అమ్మమ్మకు చిన్న మామిడితోట ఉండేది, సువర్ణరేఖ చెట్లు. పూత మీదే తోట అమ్మేవాళ్ళు. సంక్రాంతి వెళ్ళాక వ్యాపారి వచ్చి, చెట్టు చెట్టూ తిరిగి పూత చూసి, ఇంత అని చెప్పి, బయానా చేతిలో పెట్టి వెళ్ళేవాడు. పూత రాలినా, గాలివానకు పిందె రాలినా నష్టం అతనిది. అందుకే పంట ముందు కొనడం దానంతటది పాపమని నేననుకోను. చేతిలో డబ్బు లేని ఆడమనిషికి ఆ బయానా ఆసరా. కానీ ఒక ఏడు అవసరం పడి, అమ్మమ్మ రెండేళ్ళ పంటకు కలిపి ముందే డబ్బు తీసుకుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. తెల్లారేసరికి సగం చెట్లు వేళ్ళు పైకి పెట్టి పడున్నాయి. పూత పోతే నష్టం వ్యాపారిది. చెట్టే పోతే? ఆ మాట కాగితం మీద ఎవరూ రాసుకోలేదు. అమ్మమ్మ డబ్బు తిరిగి కట్టింది.

బోర్డోలోనూ మాట తప్పుతుంది. ఏప్రిల్‌లో రుచి చూపించే నమూనా, చివరికి సీసాలోకి దిగే వైన్ ఒక్కటే అవుతాయన్న హామీ లేదు. 2010 పంటలో పేరున్న వైన్లను ముందే కొన్న చాలామంది, సీసాలు వచ్చాక అవే అంతకన్నా తక్కువకు దొరకడం చూశారు. అయితే అక్కడ పెద్ద తోటకు కాదనే శక్తి ఉంది. షాటో లటూర్ 2012లో ఈ పద్ధతి నుంచే తప్పుకుంది. తాగడానికి సిద్ధమయ్యాకే అమ్ముతామంది. అమ్మమ్మ అలా అనగలదా? పూతను కాయయ్యేదాకా, కాయను పండయ్యేదాకా ఉంచుకోవడానికి కూడా డబ్బుండాలి.

2024 చివర్లో స్నేహితురాలు విశాఖ వస్తూ నా రెండు సీసాలూ తెచ్చింది. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటే పాపా ఇది? ఎప్పుడు కొన్నావు?"

"రెండేళ్ళయిందమ్మా. తయారవకముందే డబ్బు కట్టాను."

అమ్మ సీసా బల్ల మీద పెట్టింది. "మీ నాన్నా అంతే. జీతం రాకముందే తాగీసీవోడు. కొట్టోడు కాతా రాసుకునీవోడు. నీ నోరు, నీ డబ్బు. తాగితే తాగు. అది గొప్పని మాత్తరం నాతో సెప్పకు."

నాన్న రేవులో కళాసీ. నాకు నాలుగేళ్ళప్పుడు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. ఆ మాట రాష్ట్రమంతా పాకింది. మా వీధి ఆడవాళ్ళు కూడా కొట్టు ముందు కూర్చున్నారు. వాళ్ళలో చంకన నేను, పక్కన చెల్లెలితో అమ్మ ఉంది. నా స్త్రీవాదం పుస్తకాల కంటే ముందు అక్కడ మొదలైందని నేను చాలా సభల్లో చెప్పాను. చెప్పనిది ఒకటుంది. అమ్మ ఆ రోజు ఎదిరించినది సారాను మాత్రమే కాదు, ముందస్తు బేరాన్ని. నెల్లూరు ఆడవాళ్ళు కొట్లతో ఆగలేదు, సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. వేలం అంటే ఏమిటి? రాబోయే ఏడాది ఆ ప్రాంతపు మగవాళ్ళు ఎంత తాగుతారో లెక్క కట్టి, కాంట్రాక్టరు ప్రభుత్వానికి పాట పాడడం. ఇంకా తాగని సారా, ఇంకా సంపాదించని కూలి, ఇంకా పడని దెబ్బలు అన్నిటికీ కలిపి వెల. పాట పాడిన వాళ్ళలోగానీ పాడించిన వాళ్ళలోగానీ ఆ ఇళ్ళ ఆడవాళ్ళు లేరు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఖజానాకు ముందస్తు లెక్క మళ్ళీ అవసరమైంది.

ఈ ఊరికి ఇలాంటి బేరం ఇంకొకటి తెలుసు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం కోసం పల్లెలు ఖాళీ అయ్యాయి. ఉద్యోగమిస్తామన్న హామీగా నిర్వాసితులకు ఆర్-కార్డులు ఇచ్చారు. భూమి ముందే వెళ్ళిపోయింది. కార్డు పట్టుకుని వయసు మళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఇన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించింది ఇది. పండని దాన్ని నమ్మి డబ్బు పెట్టడంలో తప్పు లేదు. నమ్మకం లేకపోతే జాడీకి వాసెన కట్టం, ఆడపిల్లను డాక్టరేటు దాకా చదివించం. అడగాల్సినవి రెండే. మాట తప్పితే నష్టం ఎవరి మీద పడుతుంది? ఆ నష్టం మోసే మనిషికి ముందుగా రుచి చూసి వద్దనే అవకాశం ఉందా? నా రెండు సీసాలు పాడైతే పోయేది నా నలభై యూరోలు. నాన్న ఖాతాలో రాసిన ప్రతి సీసాకూ నష్టం అమ్మది, మా కంచాలది. ఆమెను ఎవరూ అడగలేదు. కాబట్టి రెండూ ఒకటి కాదు. ఈ తేడా నేను కాగితం మీద నిరూపించగలను. కానీ అమ్మకు ఆ నిరూపణ అక్కర్లేదు. గొప్పని చెప్పకు అన్న ఆమె షరతును నేను ఒప్పుకున్నాను. నా రుచి స్వేచ్ఛ నిజమే. ఆమె కాదన్న దాని మీద నిలబడి దొరికిన స్వేచ్ఛ అని మరిచిపోతే అది ఉత్త పైమెరుగు.

ఒక సీసా ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి తాగాను. వగరు కొంత తగ్గింది, పులుపు తగ్గలేదు. ఇంకా ఆగాల్సింది. అమ్మ వీధి అరుగు మీద కూర్చుంది, లోపలికి రాలేదు. రెండో సీసా బీరువాలో ఉంది.

నిరుడు వేసవిలో ఆవకాయ మూడో రోజున అమ్మ గరిటె నా చేతికిచ్చి "సెప్పు" అంది. ఊట నాలిక మీద రాసుకున్నాను. ఉప్పు పైకి తేలింది. ఎంత పైకి తేలితే సరో నాకు తెలియలేదు. "కొంచెం ఎక్కువేమో" అన్నాను. అమ్మ అవుననలేదు, కాదనలేదు. నూనె పోసి వాసెన కట్టింది.

"కార్తీకంలో తెలుస్తాదిలే" అంది.