డబ్బిచ్చిన చుట్టం

తాష్కెంటు పేరు చెప్తే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఓ నిట్టూర్పు విడుస్తారు. లాల్ బహదూర్ శాస్త్రిగారు 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం చేసి, 11వ తేదీ తెల్లవారకుండానే కన్నుమూసింది ఆ ఊళ్ళోనే కదా! ఆయన వెళ్ళింది ప్రభుత్వం వారి అతిథిగా. నేను వెళ్ళింది మంచానికింత అని అద్దె కట్టే బాపతుగా. అయినా మా ఇద్దరికీ అక్కడివాళ్ళు వాడే మాట ఒకటే, ‘మెహ్మోన్’. హైదరాబాదులో పెరిగినవాళ్ళకి కొత్త మాటేం కాదు. మన ఉర్దూ మెహమానే. ఇద్దరూ పారశీకం నించే తెచ్చుకున్నారు.

ఆ మాట విన్న దగ్గర్నించీ నన్నో సందేహం పట్టుకుంది. డబ్బిచ్చి దిగినవాళ్ళు చుట్టాలెలా అవుతారు? డబ్బు పుచ్చుకున్న మనిషి ఆదరిస్తే అది ఆదరణా, వ్యాపారమా? దీనికింత ఆలోచనెందుకూ అనకండి. పొద్దున్న కాఫీ దగ్గర్నించి రాత్రి మజ్జిగ దాకా వడ్డిస్తూనే ఉండే మనం ఆలోచించకపోతే ఇంకెవరాలోచిస్తారు?

హాస్టలంటే మన పిల్లలుండే కాలేజీ హాస్టలు అనుకునేరు. ఇది దారిన పోయేవాళ్ళది. పాత బస్తీలో, చోర్సూ బజారుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. వీధి వైపు కిటికీ అయినా లేని గోడ. గేటు తీసుకుని లోపలికి అడుగుపెడితే మాత్రం విశాలమైన లోగిలి, పైన ద్రాక్ష పందిరి, పందిరి కింద ‘తప్చాన్’ అనే కొయ్య మంచం. మన పట్టెమంచాన్ని పదిమంది కూచునేలా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చుట్టూ గదులు. ఆడవాళ్ళ గదిలో రైలు బెర్తుల్లాగా ఒకదానిమీద ఒకటి ఎనిమిది పడకలు. రాత్రికి మంచానికి లక్ష సోమ్‌లు! కంగారుపడకండి, మన డబ్బులో ఏడువందలకి అటూ ఇటూ. తలా ఓ ఇనప అర, దానికో తాళం. స్నానాల గది ముందు వరస. ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కోవాలని వంటింట్లో మూడు భాషల్లో కాగితం. నలభై దాటాక పై బెర్తు ఎక్కడం గురించి ఇంకో వ్యాసం రాయచ్చు గానీ, ఇప్పుడు వద్దు.

నడిపేది అరవైకి దగ్గర పడుతున్న ఒకావిడ. అందరూ ‘ఓపా’ అంటారు, అంటే అక్కయ్య. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ళ భాషా రాదు, రష్యనూ రాదు. ఆవిడ ఫోన్లో మాట్లాడితే అది నాకు ఇంగ్లీషులో అప్పజెప్పేది. నేను మాట్లాడితే ఆవిడకి ఉజ్బెక్‌లో. ఫోను చేతులెత్తేసిన చోట రాజ్ కపూరూ, మిథున్ చక్రవర్తీ ఆదుకునేవారు. ఆ దేశంలో కాస్త వయసు మళ్ళినవాళ్ళకి ఇండియా అంటే ఆ ఇద్దరే.

వెళ్ళగానే ఆవిడ చేసిన మొదటి పని నా పాస్‌పోర్టు తీసుకుని కంప్యూటర్లో ఎక్కించడం. పరాయి దేశంవాళ్ళు ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో ప్రభుత్వానికి లెక్క చెప్పాలిట. ఆ లెక్కల ఏర్పాటుకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఇ-మెహ్మోన్’. రికార్డులో కూడా చుట్టమేనన్నమాట!

నిజానికి ఆ మాట మీద వాళ్ళకున్న గౌరవం సామాన్యమైంది కాదు. ఇంట్లో అన్నిటికన్నా మంచి గదిని మెహ్మోన్‌ఖానా అంటారు. మంచి తివాచీ ఆ గదిలోనే, దూదితో కుట్టిన మంచి పరుపులన్నీ ఆ గదిలోనే. అద్దెకిచ్చే హోటల్నీ మెహ్మోన్‌ఖానాయే అంటారు. చుట్టం నీ తండ్రికన్నా గొప్పవాడు అని వాళ్ళ సామెత. మనవాళ్ళు ఇంకో మెట్టు పైకెళ్ళి దేవుడే అనేశారు. దేవుడైనా, తండ్రయినా, వచ్చినాయనకి వండిపెట్టేదెవరు అన్న సంగతి సామెతల్లో ఉండదు.

టీ పోసే పద్ధతే చూడండి. పియాలా అని చెవి లేని చిన్న గిన్నె ఉంటుంది. అందులో టీ నిండా పొయ్యరు. నిండా పోస్తే, తాగేసి ఇహ దయచెయ్యండి అన్నట్టు. కొంచెం కొంచెం పోస్తూ మళ్ళీ మళ్ళీ నింపుతూ ఉంటే, ఇంకాసేపు కూచోండి అన్నట్టు. ఎంత అందమైన మర్యాదో! అందమే, తాగేవాళ్ళ వైపు నించి చూస్తే. పోసేవాళ్ళ వైపు నించి చూడండి. అన్నిసార్లు నింపాలంటే ఎవరో ఒకరు పక్కనే కనిపెట్టుకుని ఉండాలి కదా? ఆ ఎవరో ఒకరి పేరు ‘కెలిన్’, అంటే కోడలు. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చేదీ, వచ్చినవాళ్ళకి వంగి సలాం చేసేదీ, కెటిల్ ఖాళీ కాకుండా చూసేదీ ఆ పిల్లే. ముగ్గు ఒక్కటే తక్కువ! 1984లో అక్కడ ‘కోడళ్ళ తిరుగుబాటు’ అని ఓ హాస్య చిత్రం వచ్చింది. అంతకు ముందే నాటకంగా ఆడారు. ఒక అత్తగారు, ఏడుగురు కొడుకులు, ఏడుగురు కోడళ్ళు, అందరూ ఆవిడ కనుసన్నల్లో. ఆఖరి కోడలు వచ్చి ఎదురు తిరుగుతుంది. సూర్యకాంతం సినిమాలు చూసిన మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా గదిలో కింది బెర్తు మీద తెర్మెజ్ నించి వచ్చిన ఓ అమ్మాయి ఉండేది. ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దులో ఊరది. తల్లికి కంటి ఆపరేషనుట, ఆవిణ్ణి ఆస్పత్రిలో పెట్టి రాత్రిళ్ళు ఇక్కడ పడుకునేది. మాటల్లో తేలిందేమిటంటే, ఆ అమ్మాయి మేనమామ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. సొంత ఇల్లు, ఖాళీ గది, పెద్ద మనసు. మరి ఇక్కడెందుకు దిగావమ్మా అన్నాను. “అక్కడ దిగితే మా అత్త రోజూ నాకోసం తెల్లారగట్లే లేవాలి. మొహమాటానికి మా మామయ్య రోజూ పలావు వండమంటాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు” అంది. ఇక్కడ దిగిన సంగతి మామయ్యకి తెలిస్తే పరువు తక్కువని కోప్పడతాడట. అత్తకి మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పిందిట. అత్త ఏమందని అడిగాను. “ఏమీ అనలేదు. ఆస్పత్రికి జామ్ సీసా పంపింది” అంది.

నాకా మాట చెవుల్లో ఉండిపోయింది. హైదరాబాదులో నాలుగు గదుల ఇల్లున్న పాపానికి ఎంతమంది ఆడవాళ్ళు సత్రం నడుపుతున్నారో నాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. పరీక్షలకొచ్చే పిల్లలూ, నిమ్స్‌లో చూపించుకోడానికొచ్చే పెద్దలూ, పెళ్ళి బట్టలు కొనడానికొచ్చే ముఠాలూ! పాపం ఎవరూ చెడ్డవాళ్ళు కారు. వెళ్ళేటప్పుడు వీధి గుమ్మంలో నిలబడి ఇంటాయనతో, “మీరున్నారు గనక సరిపోయింది బావగారూ” అని వెళ్తారు. బావగారు మంచంమీద నించి లేచి పక్క ఎత్తిన పాపాన పోలేదు. అయినా కీర్తి ఆయనది, కీళ్ళనొప్పులు ఆవిడవి.

ఓపా కథా ఇదే. ఆ లోగిలి ఆవిడ భర్తది. ఆయన బతికున్నన్నాళ్ళూ చుట్టాలు లేని వారం లేదట. ఆయన పోయాక, కొడుకు రష్యాకి పనికి వెళ్ళిపోయాక, నాలుగు గదుల్లో ఇనప మంచాలు వేయించి బోర్డు కట్టింది. మరిది వచ్చి, “చుట్టాల్ని అమ్ముకుంటావా?” అన్నాడట. ఆ ముక్క ఫోను రెండుసార్లు తప్పు చెప్పింది, మూడోసారికి నాకర్థమైంది. ఆవిడ సమాధానం మాత్రం మొదటిసారే అర్థమైంది: “ముప్ఫయ్యేళ్ళు ఊరికే పెట్టాను. ఒక్కరూ నా వంట అనలేదు. మా ఆయనది పెద్ద చెయ్యి అన్నారు.”

అన్నం పెట్టి డబ్బు పుచ్చుకున్న ఆడదాన్ని లోకువగా చూడటం మనకీ అలవాటే. కన్యాశుల్కంలో చాలామందికి ఓ పేరుంది గానీ, ఊళ్ళోవాళ్ళకి వండిపోసి బతికే ఆవిడ ఆద్యంతం పూటకూళ్ళమ్మే. డొక్కా సీతమ్మగారి పేరు నిలవలేదా అంటారేమో. నిలిచింది, భర్త పేరుకన్నా ఎక్కువగా నిలిచింది. కానీ అది కోటికి ఒకరి మాట. తక్కిన కోటిమందికీ ఆ దానం తాము చేస్తున్నామో, తమచేత చేయిస్తున్నారో తేల్చుకునే తీరికైనా ఉండదు.

సమర్‌ఖండ్ చూసొచ్చిన రాత్రి నాకు జలుబూ, జ్వరం తగులుకున్నాయి. ఓపా ఏమీ అడగలేదు. కెటిల్ నిండా టీ కాచి, అందులో ‘నవ్వాత్’ వేసి తెచ్చింది. నవ్వాత్ అంటే అచ్చం మన పటికబెల్లం. మేలిమి బంగారం రంగులో గడ్డలు గడ్డలుగా ఉంటుంది. వాళ్ళకి దగ్గుకీ, కడుపు నొప్పికీ, మనసు బాగులేకపోయినా అదే మందు. రాత్రి రెండింటికి మళ్ళీ వచ్చి దుప్పటి సర్ది, పియాలా సగం నింపి వెళ్ళింది. మూడోనాటికి నేను లేచి తిరిగాను.

వెళ్ళే రోజు లెక్క చూసుకున్నాం. ఆరు రాత్రులు, ఆరు లక్షలు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. ఒకటి చిరిగిందని మార్చి ఇమ్మంది కూడా. ఆ పైన నేను టీ కోసమని ఇంకో యాభై వేలు పెట్టబోతే గుండెమీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. బతిమాలాను. కోపమొచ్చింది. ఫోను తీసి గట్టిగా చెప్పింది: “మంచం అద్దెది. టీ నాది.”

అప్పుడనిపించింది, ధర కట్టిన తర్వాతే ధర లేనిది కూడా కళ్ళకి కనపడుతుంది కాబోలని. ఆ ముప్ఫయ్యేళ్ళూ ఆవిడ పోసిన టీలో ఎంత విధి, ఎంత ఇష్టం అని విడదీసి చూడటం ఎవరి తరమూ కాదు, ఆవిడ తరం కూడా కాదు. ఇవాళ పొయ్యకపోతే ఎవరూ అడగరు. అయినా పోసింది గనక అది ఆవిడదే. పుచ్చుకున్న నాకూ సులువే. అద్దె కట్టాను గనక రుణం లేదు, మొహమాటం లేదు. టీ మాత్రం రుణమే, ఆ రుణం ఉంటే ఉండనీ.

ఇంతటితో సరిపోతే బాగానే ఉండును. అంతకు రెండు రోజుల ముందు ఓపా నన్ను మెట్రోలో ఒక విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళింది. 1941లో హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్ మీద పడ్డాక రైళ్ళకి రైళ్ళు జనం ఈ ఊరికి తరలివచ్చారు. కవయిత్రి అన్నా అఖ్మతోవా 1944 దాకా ఇక్కడే తలదాచుకుంది. తల్లీ తండ్రీ లేని పిల్లలకి లెక్కలేదు. షాఅహ్మద్ షోమహ్ముదోవ్ అనే కమ్మరీ, ఆయన భార్య బహ్రీ అక్రమోవా కలిసి అలాంటి పిల్లల్ని పదిహేనుమందిని తెచ్చుకుని పెంచారు. ఒకరి జాతి ఒకరిది కాదు, ఒకరి భాష ఒకరికి రాదు. వాళ్ళ విగ్రహమే అది. 1982లో నిలబెట్టారు. 2008లో తీసేసి ఊరవతల పెట్టారు. పదేళ్ళ దరిదాపుల మళ్ళీ తెచ్చి పాత చోటే నిలిపారు. విగ్రహాలకీ అతిథి మర్యాదలు ఎక్కువ తక్కువలవుతాయి కాబోలు.

ఆ పిల్లల ముందు నా వాదం కుంటుతుంది. రాత్రికింత అని అడిగే గుమ్మాలే ఉంటే ఆ పదిహేనుమందీ ఏమయ్యేవారు? 1966 ఏప్రిల్ 26న భూకంపం వచ్చి ఈ ఊళ్ళోనే సుమారు 3 లక్షలమందికి ఇళ్ళు పోయాయి. ఆ రాత్రి ఎవరు ఎవర్ని అద్దె అడుగుతారు? డబ్బిచ్చేవాళ్ళకి గది దొరుకుతుంది. డబ్బులేని వాడికి దొరికేది చుట్టరికమే. అది కూడా అద్దెకి వెళ్ళిపోతే నేను మెచ్చుకోలేను. కానీ పదిహేనుమందికి రోజూ రొట్టె కాల్చింది ఆ కమ్మరి సమ్మెట కాదు కదా! పిల్లల్ని తెచ్చుకుందామని ఆ ఇంట్లో ముందుగా నోరు విప్పిందెవరా అని నాకు పట్టుకుంది. నవలలు రాసేవాళ్ళకి ఇలాంటి గుంజాటనలు సహజం.

ఆ సాయంత్రం తప్చాన్ మీద కూచుని ఓపాని అడిగాను, ఆ రోజుల్లో నువ్వుంటే తెచ్చుకునేదానివా అని. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. రాలిన ద్రాక్షాకు తీసి అవతల పారేసింది.

“తెచ్చుకునేదాన్నే. కానీ ముందు నన్ను అడగాలి” అంది.

మరి బహ్రీని అడిగారంటావా అన్నాను. ఫోను ఆ ప్రశ్న ఆవిడకి అప్పజెప్తూండగానే గేటు దగ్గర గంట మోగింది. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు, వీపుల మీద పెద్ద పెద్ద మూటలు, దుమ్ముకొట్టుకుపోయిన మొహాలు. ఆవిడ లేచి కళ్ళజోడు వెతుక్కుంటూ పాస్‌పోర్టులు అడగడానికి వెళ్ళింది.