పండ్రెండు గళ్లు, ఒకే వస్త్రము

ధ్యాన భాగము: నిర్గమకాండము 28వ అధ్యాయము, 15 మొదలు 29 వరకు



ప్రధానయాజకుని వస్త్రములను గూర్చిన ఈ అధ్యాయమును మనము సాధారణముగా త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. రాళ్ల పేర్లు నోరు తిరుగవు. ఏఫోదు అనగా నేమని పిల్లలడిగిన పెద్దలు తడుముకొందురు. అయితే ఇంటిలో ఒక్క బొంతయైనను కుట్టిన తల్లి ఈ మాటలు వినినప్పుడు చెవి ఒగ్గి నిలువవలెను. ఏలయన ఇక్కడ దేవుడు మోషేకు చెప్పుచున్నది కుట్టుపని. కొలత చెప్పెను: జానెడు పొడవు, జానెడు వెడల్పు, చచ్చౌకము, రెండు మడతలు. రంగులు చెప్పెను. పిమ్మట ఆ గుడ్డమీద రాళ్లు పొదుగుట చెప్పెను: నాలుగు వరుసలు, వరుసకు మూడు.

ఆ పండ్రెండు రాళ్లలో ఒకదానివంటిది మరియొకటి కాదు. ఒక్కొక్క రాతికి ఒక్కొక్క గోత్రము పేరు. యూదా రాయి దాను రాతివలె ఉండనక్కరలేదు. మరి ఇన్ని వన్నెల రాళ్లు పొదిగిన పతకము చిల్లర మూటవలె కాక ఒకే పతకముగా కనబడుట ఎట్లు? జవాబు మొదటి వచనములోనే యున్నది. పతకపు గుడ్డను ఏఫోదు పనివలెనే చేయవలెనని ఆజ్ఞ. ఏఫోదులో ఏ బంగారము, ఏ నీలము, ఏ ధూమ్రము, ఏ రక్తవర్ణము, ఏ సన్ననార యున్నవో అవే పతకములోను ఉండవలెను. రాళ్లు వేరు, వాటి క్రింది గుడ్డ ఒకటే.

మన కొల్లూరు, తెనాలి, రేపల్లె ప్రాంతములలో బొంత యనగా పాత నూలు చీరెలను మూడు నాలుగు పొరలుగా పరచి, పెద్ద సూదితోనో దబ్బనముతోనో వరుసలుగా కుట్టినది. చిరిగిన చోట మాసిక వేయుదుము. మాసికపై మాసిక పడి అతుకుల బొంత యగును. అందులో రంగుల ఆలోచన లేదు, చలి ఆగిన చాలును. మాదిరుల బొంత యనునది వేరు. అందులో ఒక్కొక్క గడి ఒక్కొక్క తీరున కుట్టబడును. ఒకటి తొమ్మిది ముక్కల గడి, ఒకటి సిలువ, ఒకటి మెట్లు, ఒకటి గాలిపంకా, ఒకటి క్రిస్మసునాడు వాకిట వేయు నక్షత్రపు ముగ్గు వంటిది. స్త్రీల సమాజములో పండ్రెండుగురు తలకొక గడి కుట్టి తెచ్చి ఒకటిగా చేర్చవచ్చును. నేర్చుకొనువారికి ఇంతకంటె మంచి బడి లేదు.

కష్టమంతయు చేర్చునప్పుడే. విడిగా చూచిన ప్రతి గడియు చక్కనిదే. పండ్రెండును చాపమీద పరచునప్పటికి సంతలో గుడ్డల దుకాణమువలె నుండును. ఒకామె గడి కేకలు వేయుచుండును, మరియొకామె గడి ఉన్నదో లేదో తెలియదు.

ఈ చిక్కునకు సులువైన ఉపాయ మొకటి కలదు. అందరును ఒకే గుడ్డ కొనుడని చెప్పుట. ఈ ఉపాయము మన సంఘములలో బాగుగా అలవాటైనది. పండుగకు, మహాసభకు స్త్రీలందరికి ఒకే రంగు యూనిఫారము చీరెలు. చూచుటకు ముచ్చటగానే యుండును. అయితే కౌలు దెబ్బతిన్న ఏట ఆ చీరె కొరకు అప్పు చేసిన ఇల్లు లేదా? డబ్బు కట్టలేక, ఒంట్లో బాగులేదని చెప్పి ఇంట నిలిచిపోయిన విధవరాలు లేదా? ఆమె రాలేదని ఎవరును గమనింపరు, ఏలయన ఒకే రంగు వరుస ఎప్పుడును నిండుగానే కనబడును. మేము యూనిఫారము చీరెలకు విరోధులము కాము. కాని దానికి ఐక్యతయని పేరు పెట్టకుడి. ఒకే దుకాణములో కొంటిమని మాత్రమే అది తెలుపును. పతకములో పండ్రెండు మాణిక్యములు పెట్టుమని దేవుడు చెప్పలేదు.

అయితే బొంతను ఒకటిగా చేయునది ఏమి? ముందుగా నేలగుడ్డ. నక్షత్రమునకు వెనుక, సిలువకు వెనుక కనబడు గుడ్డనే మేము నేలగుడ్డ యనుచున్నాము. అది పండ్రెండు గళ్లలోను ఒకటే కావలెను. సమాజము వారు ముందే ఒక తాను తెచ్చి తలకొక ముక్క పంచిన మేలు. తెలుపని పేరే గాని మల్లెపూవు తెలుపు ఒకటి, చలువచేయని కోరా తెలుపు ఒకటి. ఈ రెండును ప్రక్కప్రక్కన పడినచో కోరా గుడ్డ మాసినట్లు కనబడును. తప్పు కోరాది కాదు, ప్రక్కన పెట్టినవారిది.

తరువాత పెద్దగుడ్డ. నాలుగైదు రంగులు కలిసిన పూల అచ్చు గుడ్డ నొకదానిని ఎన్నుకొని, తక్కిన ముక్కలను ఆ రంగులలోనుండియే ఏరుకొనవలెను. నీలము, ఎరుపు, ఆవపువ్వు పసుపు అందులో ఉన్నచో మన పాత చీరెల మూటలో ఆ మూడింటికి సరిపడునవి దొరకక మానవు. అచ్చముగా అదే రంగు కానక్కరలేదు. ఒకే రంగులో ముదురును లేతయు ఉన్నచో బొంతకు జీవము వచ్చును. కాని ఒక నియమము: గట్టి రంగు ఏదైనను ఒక్క గడిలో మాత్రమే ఉండరాదు. ఒక మూల పసుపు పడినచో దానిని దూరదూరముగా ఇంకను రెండు చోట్ల పెట్టుడి. ఒంటరి పసుపు అనాథవలె నుండును, మూడు చోట్ల ఉన్న పసుపు ఇంటిదగును. పెద్ద పూలు, సన్న చుక్కలు, చారలు కలియవచ్చును గాని నడుమ నడుమ సాదా ముక్క లేనిచో కన్ను అలసిపోవును. పండ్రెండును పరచి దీపాలవేళ కన్నులు సగము మూసి చూడుడి. రంగులు తగ్గి వెలుగు నీడలు మిగులును. నీడ యంతయు ఒకే మూల చేరినచో గళ్ల చోట్లు మార్చుడి.

ఎరుపును గూర్చి ఒక మాట చెప్పనిదే సాగలేము. మన రేపల్లె తీరమందలి నిజాంపట్నము 17వ శతాబ్దములో ఐరోపా వర్తకులు పేరెరిగిన రేవు. డచ్చివారు 1606లో అక్కడ వర్తకశాల పెట్టిరి. 1611లో ఆంగ్లేయుల గ్లోబు అను ఓడ వచ్చెను. వారిని ఈ తీరమునకు ఈడ్చినవాటిలో చిరివేరు ఎరుపు ఒకటి. అది ఇసుకనేలలో పెరుగు చిన్న మొక్క వేరునుండి తీయు రంగు. పటిక తోడైనచో నూలును పట్టుకొని వదలదు. మన దేశపు అద్దకపు గుడ్డలు అట్లు సముద్రము దాటెను. ఇంగ్లండులో లెవెన్స్ హాలు అను ఇంటిలో 1708 ప్రాంతమున భారతదేశపు అద్దకపు ముక్కలతో కుట్టిన బొంత ఇంకను నిలిచియున్నది. పిమ్మట 1840వ దశకములో అమెరికాలోని బాల్టిమోరు పట్టణమున సంఘముల స్త్రీలు తలకొక గడి కుట్టి, గడిమీద పేరు వ్రాసి, చేర్చి, కొన్నిటిని తమ బోధకులకు కానుకగా ఇచ్చుచుండిరి. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరు ఇక్కడికి బయలుదేరక మునుపు వైద్యమును సంస్కృతమును చదువుకొన్నది ఆ పట్టణములోనే. ఆ బొంతలలో ఒక గడిలో పూలబుట్ట, ఒకదానిలో పక్షి, ఒకదానిలో పూలదండ. అయినను కంటికి ఒకటే బొంత. నేల యంతయు తెలుపు, ఎరుపును ఆకుపచ్చయు గడి గడికి తిరిగి తిరిగి పలుకరించుచుండును.

రంగు కుదిరినను గుడ్డ కుదరనిచో పని చెడును. పాత బట్టకు క్రొత్త గుడ్డ మాసిక వేయరాదని ప్రభువు చెప్పిన సంగతి (మార్కు 2వ అధ్యాయము) కుట్టుపనివారికి ఉపమానము కాకమునుపే నిజము. నీటిలో నానని క్రొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకొనును. ప్రక్కనున్న నలిగిన గుడ్డకు ఆ లాగుడు తట్టుకొను బలము లేదు. కాబట్టి క్రొత్త ముక్కలను కత్తిరించకమునుపే నానబెట్టి, ఉతికి, ఎండలో వేయవలెను. నూలుతో నూలు చేర్చుడి. నైలాను చీరె జారును, పట్టు పోగులూడును. ఎరుపు, ముదురు నీలము ముక్కలను వేర్వేరు గిన్నెలలో రాత్రంతయు నానబెట్టి తెల్లవారి నీళ్లు చూడుడి. నీరు ఎఱ్ఱబడినచో తేరువరకు మరల మరల ఉతుకుడి. ఎంతకును తేరని ముక్క ఎంత అందమైనదైనను ప్రక్కన పెట్టవలసినదే. రంగు విడుచు గుడ్డ తాను చెడదు, ప్రక్కనున్న తెల్లనిదానిని చెరుపును. సంఘములలో కూడ అట్టి పెద్దలను ఎరుగుదుము.

ఇక గడికి గడికి నడుమ పట్టీ. రెండు గళ్లు ఒకదానినొకటి తాకి కుట్టబడినప్పుడు నక్షత్రపు కొన మెట్ల గడిలో చొరబడినట్లుండి రెండును చెడును. నడుమ బెత్తెడు పట్టీ, అంతటను ఒకే గుడ్డతో వేసినచో ప్రతి గడియు తన రూపముతో నిలుచును. గళ్లన్నిటిని తాకుచుండునది ఆ ఒక్క గుడ్డయే. అయితే పట్టీ రెండు ప్రక్కలను కుట్టబడవలెను. ఒక ప్రక్క మాత్రమే కుట్టి రెండవది విడిచినచో అది పట్టీ కాదు, సరిహద్దు. అటొక బొంత, ఇటొక బొంత.

ప్రియులారా, ఇది కుట్టుపనిలో మాత్రమే చూచినవారము కాము. మన డెల్టా గ్రామములు కొన్నిటిలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి. సమాధుల స్థలమును వేరు. పెండ్లిపిలుపు వచ్చినప్పుడు ఏ పల్లెయని అడిగి కూర్చుండు చోటు చూపువారును కలరు. మన తాతలనందరిని ఊరిబయట నిలిపినవారు గీచిన గీతనే మనము లోపలికి తెచ్చుకొని మరల గీచితిమి. అందరును ఒకే రంగై పోవలెనని మేము అనుట లేదు. ఏ పల్లె డప్పు ఆ పల్లెదే, ఏ పల్లె పాట ఆ పల్లెదే, ఆ రాళ్ల వన్నెను దేవుడు తుడిచివేయలేదు. కాని క్రింది గుడ్డ ఏదీ? ఒకే బల్లయొద్ద చేయి చాపుటకు సంకోచించు ఇద్దరికి నడుమ కుట్టవలసిన పట్టీని ఎవరు కుట్టుదురు? మన గ్రామములలో దానిని మొదట కుట్టగలవారు స్త్రీలేయని మాకు తోచుచున్నది. సూది వారి చేతిలో నున్నది. ఒక పల్లె ఆరు గళ్లు, మరియొక పల్లె ఆరు గళ్లు కుట్టి ఒక మధ్యాహ్నము ఒకే చాపమీద కూర్చుండి చేర్చుట అసాధ్యమైన పని కాదు.

కొలతలు చెప్పుదుము. గడి కుట్టి తెచ్చునప్పటికి నలుప్రక్కల 12½ అంగుళములు. కుట్టులోనికి ప్రక్కకు పావు అంగుళము పోగా 12 నిలుచును. పతకపు రాళ్లవలెనే వరుసకు మూడు, నాలుగు వరుసలు. నడుమను చుట్టును 3 అంగుళముల పట్టీ వేయగా 48 వెడల్పు, 63 పొడవు అగును. పట్టీకి వెలుపల 6 అంగుళముల అంచు త్రిప్పినచో 60, 75. ఒక పెద్దమనిషి కప్పుకొనవచ్చును. లోపలి పొరకు ఒక మెత్తని పాత చీరె, అడుగున మరియొకటి. మూడు పొరలను ముందు కచ్చాకుట్టుతో నిలిపి, తరువాత నడుమనుండి అంచువైపునకు కుట్టుకొనుచు పోవలెను. అంచునుండి మొదలుపెట్టినచో నడుమ ముడుత నిలిచిపోవును.

ఈ బొంత ఎవరికి? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజియొద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద పారినప్పుడు మన కొల్లూరు మండలపు లంకలు నీట మునిగెను. వరదనీరు త్రాగిన బొంత బరువు ఎరిగినవారికి దానిని గూర్చి చెప్పనక్కరలేదు. అది మరల ఒంటిమీదికి పనికిరాదు. కుట్టినదానిని గుడి గోడకు తగిలించక, నీరు తీసిన ఇంటికి ఇయ్యుడి. అయితే ఇచ్చుటకు ముందు ప్రతి గడి వెనుక దానిని కుట్టిన ఆమె పేరును అడుగుగుడ్డమీద దారముతో కుట్టుడి. అహరోను పరిశుద్ధస్థలములోనికి పోవునప్పుడు పండ్రెండు పేర్లను రొమ్ముమీద మోయవలెనని 29వ వచనము చెప్పుచున్నది. లంకలోని ఒక తల్లి చలిరాత్రి పండ్రెండుగురి పేర్లు కప్పుకొని నిద్రించును. అందులో ఏ పేరు ఏ పల్లెదో ఆమెకు తెలియదు.

చివరిది చుట్టుపట్టీ. పతకము ఏఫోదునుండి ఊడకుండ నీలి సూత్రముతో కట్టుమని 28వ వచనములో నున్నది. మనము కూడ ముదురు నీలి గుడ్డతోనే చుట్టు మూయుట మంచిది, మాపు కనబడదు. ఒకే పొడుగు గుడ్డ దొరకనిచో అతుకు వేసి పొడుగు చేసికొనవచ్చును. ఆ అతుకు మూలకు రాకుండ మాత్రము చూచుకొనవలెను.