ఇంజిన్ స్టార్ట్ అవ్వడం దైవకృపేనా?

మన తీరంలో పడవ దించే ముందు గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు, ఇంజిన్‌కి పసుపు కుంకుమ పెడతారు. నాకు ఆ పూజ అంటే ఇష్టం. కానీ ఒక్కోసారి స్టార్ట్ అయ్యి ఒక్కోసారి మొండికేసే ఇంజిన్ సంగతేంటి? "అమ్మ దయ, ఈరోజు పలికింది" అని నలుగురిని ఎక్కించుకుని సముద్రంలోకి పోవచ్చా?

భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకంలో కృష్ణుడు ఏ పనికైనా 5 కారణాలు చెప్తాడు: చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఆ తర్వాత దైవం. దైవం ఐదోది, గమనించండి.

పూర్తిగా చెడిన ఇంజిన్ నిజాయితీ గలది, ఒడ్డునే ఆపేస్తుంది. అప్పుడప్పుడూ పలికేదే ప్రమాదం. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ బిగించి ఉంటే ఇంజిన్ కాసేపు నడుస్తుంది, తర్వాత పెట్రోల్ అందక ఆగిపోతుంది. మూత తీస్తే మళ్లీ స్టార్ట్! చూసేవాళ్లకు మహిమలాగే ఉంటుంది మరి. ఆగిన వెంటనే పెట్రోల్ పైపు మీదున్న రబ్బరు బల్బు నొక్కి చూడాలి. లోపలికి అణిగిపోయి ఉంటే పెట్రోల్ రావట్లేదు. గట్టిగా ఉంటే స్పార్క్ ప్లగ్ వైపు చూడాలి. పెట్రోల్‌లో నీళ్లు దిగాయేమో, ఉప్పుగాలికి కనెక్షన్లు తుప్పు పట్టాయేమో. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే కారణమేదో తెలీదు.

ఇది భక్తికి తక్కువ పని అని నేననుకోను. తాడు లాగేవాడు తన ప్రాణం ఒక్కటే పణం పెట్టట్లేదు కదా. ముందు కూర్చున్నవాళ్లకు ఆ స్క్రూ సంగతి తెలీదు. వాళ్లకు చెప్పకుండా ఎక్కించడం నా దృష్టిలో అసత్యమే. చెప్తే సగంమంది దిగిపోతారేమో. దిగనివ్వండి.