వీధి చివరి రెస్టారెంటు

ఒరే నాన్నా,

న్యూయార్క్‌లో కాపురం పెట్టారు, ఆదివారాలు బ్రంచ్‌కి వెళ్తున్నారు. సంతోషం. టిఫినూ కాని, భోజనమూ కాని ఆ పదకొండింటి తిండేమిటని మీ అమ్మ ఫోన్లో సణిగితే పట్టించుకోకు. వారమంతా ఆఫీసుల్లో నలిగినవాళ్ళు ఒక పూట తీరిగ్గా ఎదురెదురుగా కూర్చుంటే అంతకంటే ఏం కావాలి? కానీ వారానికో కొత్త చోటు వెతకడం, గంట సేపు క్యూలో నిలబడటం, ఫొటోలు పెట్టి వచ్చేయడం నాకు నచ్చలేదురా. ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, చెఫ్ తనే నడుపుకొనే చిన్న రెస్టారెంటు ఒకటి చూసుకోండి. దానికే మళ్ళీ మళ్ళీ వెళ్ళండి.

ఎందుకంటావా? 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషాయన బ్రంచ్ కావాలంటూ వ్యాసం రాశాడు. శనివారం రాత్రి విందులు చేసుకుని ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్ళ మీద జాలి ఆయనకి. ఇప్పుడు శనివారం రాత్రి మేలుకునేది వంటవాళ్ళు. అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడి, తెల్లారేసరికి మళ్ళీ గుడ్లు పగలగొట్టాలి. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు చాలామంది ఆ డ్యూటీ తప్పించుకుంటారు. చెఫ్ ఆంథొనీ బోర్డేన్ 2000లో ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’ రాసి, బ్రంచ్ అంటే శుక్ర, శనివారం రాత్రుల మిగుళ్ళు వదిలించుకునే పూట అని కుండబద్దలు కొట్టాడు.

ఎగ్స్ బెనెడిక్ట్ మీద పోసే హాలండేజ్ సాసునే చూడు. గుడ్డు పచ్చసొన, వెన్న, నిమ్మరసం. సెగ ఎక్కువైతే విరిగిపోతుంది, గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే క్రిములు పెరుగుతాయి. దాన్ని కొంచెం కొంచెంగా ఎప్పటికప్పుడు కలపడానికి ఓపిక కావాలి. తన పేరు మీద కొట్టు నడిపే మనిషి వంటగదిలో ఉంటే ఆ ఓపిక ఉంటుందని నా నమ్మకం. ఎగ్స్ బెనెడిక్ట్‌లో వేసే పంది మాంసం కోడలు తినదుగా, దాని బదులు పాలకూర వేసే ఫ్లోరెంటైన్ చెప్పండి.

మీ ఊళ్ళోనే ఈస్ట్ విలేజ్‌లో గేబ్రియెల్ హామిల్టన్ అనే చెఫ్ 1999లో ‘ప్రూన్’ అనే రెస్టారెంటు తెరిచింది. పట్టుమని ముప్ఫై మంది కూర్చునే చోటు. బ్రంచ్ కోసం జనం వీధిలో బారులు తీరేవారు. 2020 మార్చిలో కోవిడ్ రావడంతో ఆవిడ దాన్ని మూసేసింది. ఆ ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌కి రాసిన వ్యాసంలో, అంత పేరున్నా లెక్కలు ఎంత ఇరుకో చెప్పుకుంది, ప్రతి పాన్‌కేక్‌నీ ఫొటో తీసే బ్రంచ్ జనం మీద విసుక్కుంది కూడా. అంతటి ఆవిడ పరిస్థితే అదైతే, మీ వీధి చివర పొయ్యి వెలిగించినవాళ్ళ మాటేమిటి?

కాబట్టి బల్ల బుక్ చేసుకుంటే వేళకి వెళ్ళండి. రాలేకపోతే ముందురోజే చెప్పండి. పెద్ద హోటల్లో ఒక బల్ల ఖాళీగా ఉంటే తెలియదు, పది బల్లల చోట ఆ పూట లాభం పోతుంది. పడని వస్తువులుంటే మొదటే చెప్పండి. మిగతాది ఆ చెఫ్ వండాలనుకున్నట్టే తినండి. రుచి చూడకుండానే హాట్ సాస్ సీసా అడిగే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది, మానుకో. అట్టుకి ఇరవై డాలర్లా అని బల్ల దగ్గర లెక్కలు కట్టకు. బయట జనం నిలబడి ఉంటే కాఫీ అయ్యాక లేవండి.

టిప్పు దగ్గర చెయ్యి ముడవకు. టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి కేంద్ర చట్టంలో గంటకి 2.13 డాలర్లే, 1991 నుంచీ అంతే. మీ రాష్ట్రంలో అంతకంటే ఎక్కువే, అయినా అక్కడి అద్దెలు నీకు తెలియనివా? బిల్లులో ఐదో వంతు వదిలెయ్యి.

ఇంకొక్క మాట. ఆదివారం ఎవరైనా వస్తారు. వాన పడుతూ బల్లలు ఖాళీగా ఉన్న మంగళవారం రాత్రి కూడా ఒకసారి వెళ్ళండి. ఆ పూట వచ్చినవాళ్ళని చెఫ్ మరిచిపోరు, మంచీ చెడూ మాట్లాడేందుకు తీరిక కూడా దొరుకుతుంది. సొంతవాళ్ళు లేని ఊళ్ళో మిమ్మల్ని పేరుపెట్టి పలకరించే గడప ఒకటి ఉండాలిరా.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ఏం తిన్నారని అడగను. వండినవాళ్ళ పేరేమిటని అడుగుతాను. తెలియదన్నావంటే మళ్ళీ వెళ్ళి రావాల్సిందే.

మీ పెదనాన్న