విసుగుకు విరుగుడు పరిశీలన

పొద్దు పోకపోతే చూడడానికి కొత్తది లేకనే అనుకుంటాం. అందుకే సూర్యాపేట బస్టాండులో బస్సు కోసం నిలబడ్డా, మిర్యాలగూడ మిల్లు ముందు ధాన్యం దిగేదాకా కూర్చున్నా చెయ్యి ఫోను మీదికి పోతుంది. కొత్తదనమే మందయితే, అది అరచేతిలో అందుతున్న ఈ కాలంలో విసుగు ఈపాటికి తగ్గి ఉండాలి. తగ్గలేదు సరికదా, రెండు నిమిషాల ఖాళీని కూడా ఓర్చుకోలేకపోతున్నాం. కాబట్టి లోపాన్ని చూసే మనసులోనే వెతకాలి.

ఈ వెతుకులాట మన నేలకు పాతదే. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద శాతవాహన, ఇక్ష్వాకుల కాలంలో బౌద్ధ క్షేత్రం వెలిసింది. స్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల విహారాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. భిక్షాటన, అధ్యయనం, ధ్యానంతో ప్రతిరోజూ ఒకేలా గడిచే జీవితంలో విసుగు ఎదురుకాకుండా ఉండదు. బౌద్ధం చెప్పే ఐదు నీవరణాల్లో, అంటే మనసుకు అడ్డంకుల్లో, మనసు మొద్దుబారడం ఒకటి, కుదురులేకపోవడం మరొకటి. విసుగులో రెండూ ఉంటాయి: ఉన్నదాని మీద మనసు మొద్దుబారుతుంది, లేనిదాని కోసం పరుగెడుతుంది. బౌద్ధ గ్రంథమైన సంయుత్తనికాయంలోని అగ్గిసుత్తం వీటికి వేర్వేరు చికిత్స చెబుతుంది. మొద్దుబారిన మనసుకు పరిశీలన, ప్రయత్నం, ప్రీతి. చెదిరిన మనసుకు ప్రశాంతి, ఏకాగ్రత, సమభావం. ఈ జాబితాలో కొత్త వినోదం లేదు. పరిశీలన ఏం చేస్తుందో మన పొలాల్లోనే కనిపిస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోదాడ రైతు రోజూ అదే మడి గట్టు మీద నిలబడతాడు. బయటివాడికి అంతా ఒకటే పచ్చదనం. ఆకు రంగు, నీటి మట్టం, దుబ్బు మొదట్లో సుడిదోమ చూసే అతనికి నిన్నటి మడి ఇవాళ లేదు.

రోజంతా బస్తాలు మోసే హమాలీకి శ్రద్ధగా చూస్తే విసుగు పోతుందని చెప్పడం న్యాయమా? కాదు. భిక్షువు తన దినచర్యను కోరి ఎంచుకున్నాడు. హమాలీకి అది పొట్టకూటి కోసం తప్పనిది. ఆ విసుగుకు మందు మంచి కూలి, తగిన విశ్రాంతి. మరి రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టుకు, లింగమంతుల స్వామి జాతరకు జనం పోటెత్తడం మార్పు కోసం కాదా? మార్పు తప్పేమీ కాదు. కానీ జాతర మన నుంచి మొక్కు, ప్రయాణం, వంట, పదిమందితో కలిసి ఉండే ఓపిక అడుగుతుంది. తెర మీద వేలు జరపడం ఏమీ అడగదు, అందుకే ఏమీ మిగల్చదు. కనుక విసుగు పుట్టినప్పుడు మార్చవలసింది బతుకు పరిస్థితినా, చూపునా అని తేల్చుకోవాలి. పరిస్థితి అన్యాయమైతే దాన్ని మార్చడానికి పూనుకోవాలి. కాకపోతే ముందున్నదాన్నే ఇంకాస్త శ్రద్ధగా చూడడం నేర్చుకోవాలి.