దయానిధి మన సీమకొచ్చినప్పుడు

ఒక నవలని ఫ్రాయిడ్ ప్రకారం చదవొచ్చు, మార్క్స్ ప్రకారం చదవొచ్చు, స్త్రీవాదంతో చదవొచ్చు, ప్రాంతం వైపు నుంచీ చదవొచ్చు. ఇది తెలిశాక ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. ఇన్ని అర్థాలు చెప్పొచ్చంటే ఏ అర్థమైనా చెల్లుతుందా? చెల్లేటట్టయితే విమర్శ అనేది తెలివైనవాళ్ల కాలక్షేపమే కదా?

దీన్ని ఒక నవల మీద పెట్టి చూద్దాం. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1946-47లో ‘నవోదయ’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథానాయకుడు దయానిధి డాక్టరు. తల్లి మీద పడిన నింద అతన్ని వదలదు. కోమలి, అమృతం, సుశీల, ఇందిర అతని జీవితంలోకి వస్తారు. చివరికి కోస్తా వదిలి రాయలసీమకి వస్తాడు. ఇక్కడ వజ్రం దొరికి అతని దశ తిరుగుతుంది. నాది కోడుమూరు కాబట్టి ఈ చివరి సంగతి దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు మనస్తత్వ విమర్శ. దయానిధి ఏ స్త్రీ దగ్గరా నిలవలేకపోవడానికి కారణం తల్లేనని ఇది చెప్తుంది. బాగానే అతుకుతుంది. చిక్కేమిటంటే మరీ బాగా అతుకుతుంది. తల్లిని తలుచుకుంటే అదిగో రుజువు అంటాం, తలుచుకోకపోతే అణచుకున్నాడు అంటాం. నా ఉద్యోగంలో, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా పాసయ్యే టెస్టుని టెస్టు అనరు. నవలలోకి తిరిగి వెళ్లి చూస్తే, ఆ తల్లి గురించి మాట్లాడేది దయానిధి మనసొక్కటే కాదు, ఊరు కూడా. అంటే ఫ్రాయిడ్ ఖాతాలో వేసిన దాంట్లో కొంత తీసి సమాజం ఖాతాలో వేయాలి. సిద్ధాంతం తప్పని కాదు, దాని వాటా ఎంతో తేలుతుంది.

మార్క్సిస్టు ప్రశ్న వేరు. ఒంటరితనం గురించి ఇంతసేపు ఆలోచించే తీరిక ఈ మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ ఆలోచనల ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఇది మొరటు ప్రశ్నేమీ కాదు. వజ్రం దగ్గరికి వచ్చేసరికి చాలా పదునైన ప్రశ్న అవుతుంది.

ఎందుకంటే మా వైపు వజ్రం ప్రతీక కాదు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం తలలు వంచుకుని వెతుకుతుంటారు. కూలి పని మానుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చి, చెట్ల కిందా గుళ్లలోనూ పడుకుంటారు. దొరికితే అప్పు తీరుతుంది, లేకపోతే ఆ రోజు కూలి కూడా పోయినట్టే. దయానిధికి వజ్రం జీవితం విలువ గురించిన ఆలోచనగా మారుతుంది. ఆ చేలల్లో నడుం వంచినవాడికి ఆ ఆలోచన దాకా వచ్చే అవకాశమే లేదు.

ఇక్కడే ప్రాంతీయ విమర్శ మొదలవుతుంది. 1800లో నిజాం ఈ జిల్లాలని కంపెనీకి ఇచ్చేశాక ‘దత్తమండలాలు’ అన్న పేరు స్థిరపడింది. ‘రాయలసీమ’ అన్న పేరు పెట్టుకున్నది 1928లో, నంద్యాల సభలో. కోస్తావాళ్ల మీద అనుమానాలు తీర్చడానికి శ్రీబాగ్ ఒడంబడిక 1937లో జరిగింది. నవల ఆ తర్వాత పదేళ్లలోపే వచ్చింది. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు అనంతపురంలో లెక్చరర్‌గా పనిచేశాడు కాబట్టి సీమని చూడకుండా రాశాడనలేం. అయినా నవలలో సీమ కనిపించేది ఎక్కువగా దయానిధి కళ్లతోనే: ఎండ, రాయి, ఏకాంతం. ఇక్కడి మనిషి తనంతట తాను ఆలోచించడం తక్కువ.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే నాకు చాలా హాయిగా ఉంటుంది. అందుకే ఆపకూడదు. ఈ పఠనానికి ఎదురు నిలిచేది నవలలో ఏదైనా ఉందా? ఉంది. దయానిధిని తరిమింది సీమ కాదు, అతని సొంత సమాజమే. అక్కడా అతను పరాయివాడే. కాబట్టి ఇది కోస్తా చూపు మాత్రమే అంటే సగమే నిజం. ఎదురుసాక్ష్యం విన్నాక నా వాదన కొంచెం చిన్నదైంది. కానీ మిగిలింది గట్టిది.

కడప జిల్లావాడైన రాచమల్లు రామచంద్రారెడ్డి మార్క్సిస్టు అయి ఉండీ, సిద్ధాంతం సరిగ్గా ఉంటే చాలు సాహిత్యం అయిపోతుందని ఒప్పుకోలేదు. మదనపల్లె వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘నవలాశిల్పం’, ‘విమర్శాశిల్పం’ రాసి ఈ పనిముట్లని మనకి తెలుగులో పరిచయం చేశాడు. సీమ నుంచే వచ్చిన ఈ ఇద్దరినీ చదివాక నాకు అర్థమైంది ఇది: విమర్శ పద్ధతి అంటే తీర్పు కాదు, ప్రశ్న. ‘కాదు’ అనే హక్కు నవలకి ఉన్నంతవరకే ఆ ప్రశ్న నిజాయితీగలది.

అయితే ఇంకో మెట్టు ఉంది. నాలుగు ప్రశ్నల్లో ముందు దేన్ని చేతిలోకి తీసుకుంటాం? సీమవాడిగా నాకు ప్రాంతీయ ప్రశ్న సులువుగా వస్తుంది, ఎందుకంటే అందులో నేను ఫిర్యాదుదారుణ్ణి. స్త్రీవాద ప్రశ్న అంత సులువుగా రాదు. దయానిధి తల్లి ఏమంది? కోమలికి, అమృతానికి, ఇందిరకి కావలసిందేమిటి? వాళ్లు మనకి చాలావరకూ అతని చదువులో పాఠాల్లా అందుతారు. తల్లి గురించి అందరూ మాట్లాడతారు, ఆమె తరఫు మాట మటుకు వినపడదు. ఆ మాటలు మా ఊళ్లో రచ్చకట్ట మీద ఇప్పటికీ వినిపించే మాటలే. మగవాళ్లుగా మనం పక్కన నిలబడి వినే మాటలే. ఈ ప్రశ్నలో నేను బోనులో ఉంటాను.

మనల్ని వాదిగా నిలబెట్టే పద్ధతితో ఎవరైనా చదవగలరు. మనల్ని ప్రతివాదిగా నిలబెట్టే పద్ధతితో కూడా చదివినప్పుడే, పుస్తకం మన ఆయుధంగా మిగలకుండా మనతో మాట్లాడుతుంది. ఏ అర్థమైనా చెల్లుతుందా అన్న మొదటి అనుమానానికి నా జవాబు ఇదే: చెల్లదు. మనకి ఏ నష్టమూ రాకుండా తేలిన అర్థాన్ని ఇంకోసారి సరిచూసుకోవాలి.